తెల్లగుండీ, సవతిగుండీ

కాన్పుల వార్డు నర్సు ఆ పొద్దున టీ కొట్టులోకి వస్తూనే చేతిలోని అట్టపెట్టెను బల్ల మీద టక్కున పెట్టింది.

"ఏం పూలక్కా, ఇంత పెద్ద సంగతి గుట్టుగా దాచావే! మీ అత్తగారి బొమ్మతో టీ పెట్టెలు ప్రతి కొట్లోనూ కనిపిస్తున్నాయి. మాకొక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

పూలక్క అప్పుడే మరిగిన నీళ్ళు ఎండుపూల మీద పోసి మూత పెడుతోంది. ఆమె అసలు పేరు ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. కొండవాలు మీద పూచే అడవిపూలు ఏరి, ఆరబెట్టి, వాటితో టీ కాచి ఇస్తుంది కాబట్టి పూలక్క. గొంతు బొంగురుపోయినవాళ్ళకు ఒక పువ్వు, కడుపులో గడబిడగా ఉన్నవాళ్ళకు ఒకటి, వార్డులో కూర్చుని కూర్చుని మనసు కుదురు లేనివాళ్ళకు ఇంకొకటి. "మందు కాదమ్మా, టీయే. జబ్బైతే రోడ్డు దాటి డాక్టర్ దగ్గరికెళ్ళు" అని ప్రతి కొత్త మనిషికీ చెప్పడం ఆమెకు అలవాటు. ఆ అలవాటూ అత్తగారి నుంచి వచ్చిందే.

చేతులు తుడుచుకుని పెట్టె అందుకుంది. లేత ఆకుపచ్చ అట్ట. పైన 'బామ్మ పూల టీ' అని మెరిసే అక్షరాలు. వాటి కింద అత్తగారు నవ్వుతోంది. పోయి మూడేళ్ళయిన మనిషి అలా ఎదురుపడేసరికి పూలక్కకు ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాత అత్తగారి ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు కనిపించాయి. చెయ్యి లేదు, మనిషి లేదు, వేళ్ళు మాత్రం ఉన్నాయి. చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉంది.

పూలక్క తన చూపుడువేలు చూసుకుంది. ఎప్పుడో ఇనప మూత పడి చీలిన గోరు, ఇంకా అలాగే ఉంది.

ఆ ఫొటో ఆమెకు బాగా తెలుసు. అత్తాకోడళ్ళిద్దరూ ఈ కొట్టు ముందే నిలబడి తీయించుకున్నది. ఉన్నది ఒక్కటే ప్రతి, అది ఇంట్లో మంచం ఎదుటి గోడకు వేలాడుతుంది. నాలుగు నెలల కిందట ఫ్రేము మూల ఊడిందని భర్త దాన్ని దించి పట్టుకెళ్ళాడు. వారం తర్వాత తెచ్చి మళ్ళీ తగిలించాడు. మూల ఊడినట్టు తనకెందుకు కనిపించలేదా అని ఆమె అప్పుడు అనుకుంది, మరిచిపోయింది.

పెట్టె తిప్పింది. 'ఐదు తరాలుగా తల్లి నుంచి కూతురికి అందిన రహస్యం' అని రాసి ఉంది. పక్కన చిన్న గుండ్రటి ఫొటోలో ఆడపడుచు ముఖం. కింద 'వారసురాలు' అని.

"ఏంటక్కా, అలా అయిపోయావ్?" అంది నర్సు.

"ఏం లేదు. ఇది ఇక్కడే ఉంచు."

"ఉంచుకో. మా వార్డులో కడుపుతో ఉన్నవాళ్ళంతా ఇదే తెప్పించుకుంటున్నారు. బామ్మ ముఖం చూస్తేనే సగం నలత పోతుందట!" అని నవ్వుకుంటూ నర్సు డ్యూటీకి వెళ్ళిపోయింది.

పూలక్క ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో పూలంటే కుండీల్లో పెంచేవి అని మాత్రమే తెలుసు. మొదటి వారంలోనే అత్తగారు ఆమెను కొండకు బయల్దేరదీసింది. "కూతుర్ని రమ్మంటే కాళ్ళు నొప్పులంటుంది. నీ కాళ్ళు ఏ రకమో చూద్దాం పద" అంది. ఆ కాళ్ళు పద్నాలుగేళ్ళు ఆవిడ వెనక కొండ ఎక్కాయి. తేనెచుక్కను మంచు ఆరకముందే కోయాలి. ముల్లుపసుపును ఎండ బాగా ముదిరాక కోయాలి. నీలిగొట్టాన్ని ఎండలో వేస్తే రంగుతో పాటు గుణమూ పోతుంది, నీడలో గుడ్డ పరిచి ఆరబోయాలి. ఏ పొద దగ్గరైనా సగం కోసి సగం వదిలెయ్యాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి కానీ ఊహించి ఎవరికీ పొయ్యకూడదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది తెల్లగుండీ గురించి. చొక్కా గుండీ అంతే ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు వాంతులూ ఆదుర్దా తగ్గడానికి ఆ కొండ చుట్టుపక్కల ఎప్పటినుంచో ఇస్తున్న పువ్వు. దాని పక్కనే, అదే ఎత్తులో, అదే తెలుపులో ఇంకొకటి పూస్తుంది. దాని పేరు సవతిగుండీ. అది కాన్పు అయ్యాక, మూడు రోజులు మాత్రం తాగవలసింది. కాన్పుకు ముందు చుక్క కూడా పనికిరాదు, నొప్పులు తెప్పిస్తుంది.

"అందంలో ఇద్దరూ ఇద్దరే పిల్లా" అనేది అత్తగారు. "బుద్ధి తెలియాలంటే తిరగేసి చూడాలి."

తిరగేస్తే తెల్లగుండీ రేకుల వెనక సన్నటి నూగు ఉంటుంది. సవతిగుండీ వీపు నున్నగా ఉంటుంది. ఎండాక కంటికి దొరకదు, వేలికొసకు దొరుకుతుంది. ముక్కుకూ దొరుకుతుంది. ఒకటి కోసిన గడ్డి వాసన, రెండోది తడిసిన గోనె వాసన. ఆ తేడా తెలియడానికి పూలక్కకు రెండేళ్ళు పట్టింది.

ఆడపడుచు ఈ చదువు వంకకు ఎప్పుడూ రాలేదు. రైలులో రెండు గంటల దూరాన ఉండేది. పుట్టింటికి వస్తే గుమ్మంలో ఆరబోసిన పూలను కాలితో పక్కకు నెట్టి "ఈ గడ్డీ గాదం లేకుండా ఒక్కరోజైనా ఈ ఇల్లు ఉంటుందా!" అని విసుక్కునేది. అయినా పూలక్కకు ఆవిడంటే కోపం లేదు. వదిన మాట దురుసు, మనసు మంచిది అనుకునేది. తల్లి కొండకూ కొట్టుకూ తిరుగుతుంటే ఆరేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే.

పోయిన ఏడాది వదిన ఉన్నట్టుండి వచ్చింది. వస్తూ వస్తూ పూలక్కకు ఇష్టమైన బిస్కెట్లు తెచ్చింది. "అమ్మ పోయాక తెలిసిందమ్మా నాకు, ఏం పోగొట్టుకున్నానో. నీకు తెలిసిందంతా చెప్పు, రాసుకుంటాను. నా పిల్లలకి వాళ్ళ అమ్మమ్మ జ్ఞాపకం ఉండాలి కదా" అని కళ్ళు తుడుచుకుంది. పూలక్కకూ కళ్ళు చెమర్చాయి. మూడు సాయంత్రాలు, పువ్వు పువ్వూ చేతిలో పెట్టి చెప్పింది. భర్త కూడా పక్కనే కూర్చుని విన్నాడు. మూడో సాయంత్రం తెల్లగుండీ చెప్పి, సవతిగుండీ అందుకునే సమయానికి వదిన ఫోన్ మోగింది. ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి అరగంట మాట్లాడింది. ఆ అరగంటా పూలక్క రెండు పూలూ భర్త చేతిలో పెట్టి తిప్పించి చూపింది. "నిజమే, ఒకదానికి గడ్డముంది, రెండోది నున్నగా గీసుకుంది!" అని ఆయన నవ్వాడు కూడా. వదిన తిరిగొచ్చి, పుస్తకంలో పేజీ తిప్పేసి, "బండి వేళయింది, మిగతాది మళ్ళీ వచ్చినప్పుడు" అని లేచింది. మళ్ళీ రాలేదు.

ఆ పొద్దున పూలక్క కొట్టు తలుపు సగం దించి, పెట్టె చంకలో పెట్టుకుని బస్సుల డిపోకు నడిచింది. భర్త అక్కడ సీట్లు కుడతాడు. షెడ్డులో జిగురు వాసన గుప్పుమంటోంది. నోట్లో రెండు మేకులు పట్టుకుని సీటు అంచుకు రెక్సిన్ లాగుతున్నవాడు ఆమెను చూశాడు, ఆ తర్వాత పెట్టెను చూశాడు. మేకులు అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ఫొటో మన ఇంట్లోదేనా?"

"ఇక్కడెందుకు? సాయంత్రం ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లోంచేగా పోయింది. ఇక్కడే చెప్పండి."

పక్క బల్ల మీద పనిచేసేవాళ్ళు మిషన్లు ఆపలేదు కానీ చెవులు ఇటే పెట్టారు. ఆయన గొంతు తగ్గించాడు.

"అక్క అడిగింది. దాని మాట కాదనగలనా? నా సంగతి నీకు తెలియంది కాదు. నాకు అమ్మ కంటే అక్కే ఎక్కువ."

"నన్నడిగితే నేనే ఇచ్చేదాన్ని కదండీ. దొంగచాటు దేనికి?"

"ఈ టీ అమ్మే కంపెనీవాళ్ళు రక్తసంబంధం కావాలన్నారట. తల్లి కూతురికి నేర్పిందంటేనే జనం నమ్ముతారట. కోడలంటే అంత ఇదిగా ఉండదని... అయినా పేరు అమ్మదేగా? ఎవరో పరాయివాళ్ళది కాదు కదా?"

"మరి నేను?"

"నువ్వు కూడా మన ఇంటి మనిషివే. కాదన్నానా?"

"ఫొటో కాక ఇంకేం ఇచ్చారు?"

ఆయన రెక్సిన్ ముక్కను మడతపెట్టి విప్పాడు. "ఒక కాగితం మీద సంతకం పెట్టాను. అమ్మ అక్కకి నేర్పిందని. అంతే."

"నా గురించి ఏమైనా రాశారా?"

"నీ గురించి ఒక్క అక్షరం లేదు" అన్నాడు నేరుగా ఆమె కళ్ళలోకి చూసి.

అబద్ధం ఆడితే ఆయన చెవి తడుముకుంటాడని పదిహేడేళ్ళ కాపురంలో ఆమెకు తెలుసు. ఇప్పుడు తడుముకోలేదు. నమ్మింది. నమ్మి, ఏడుపును బిగపట్టుకుని కొట్టుకు తిరిగొచ్చింది.

వచ్చాక ఆ పెట్టె చింపింది. నిజం చెప్పాలంటే, తప్పు పట్టాలనే చింపింది. ఎంత బాగా చేస్తారో చూద్దామనుకుంది. పళ్ళెంలో పోసి వేలితో కదిపింది. తేనెచుక్క ఉంది, మంచు ఆరాక కోసింది, సగం వాసన పోయింది. తెల్లటి పూలు ఎక్కువగా ఉన్నాయి. ఒకటి తీసి తడిమింది. నూగు తగిలింది. ఇంకొకటి తీసింది. నున్నగా ఉంది. మూడోది నున్నగా ఉంది. నాలుగోది ముక్కు దగ్గర పెట్టుకుంది. తడి గోనె వాసన.

పెట్టె వెనక 'గర్భిణులకు ప్రత్యేకం, రోజుకు రెండు కప్పులు' అని ఉంది.

కొండ మీద కోతకు వెళ్ళినవాళ్ళకు తెల్లటి గుండీ పువ్వు అని చెప్పి ఉంటారు. వాళ్ళు కనిపించినవన్నీ కోసేసి ఉంటారు. పుస్తకంలో ఆ పేజీ ఖాళీగా ఉన్న సంగతి వదినకు కూడా గుర్తుండదు.

ఆ మధ్యాహ్నం ఆమె మనసులో ఏం నడిచిందో ఆమె తర్వాత నర్సు ఒక్కదానికే చెప్పింది. 'ఊరుకుంటే చాలు. నేను ఏమీ చెయ్యనక్కర్లేదు. వాళ్ళ గొయ్యి వాళ్ళే తవ్వుకున్నారు' అనుకుందట. చాలాసేపే అనుకుందట. గిన్నెలు కడుగుతూ అనుకుంది, కొట్టు ఊడుస్తూ అనుకుంది. ఆ తలపు కాసేపు చల్లగా, హాయిగా కూడా అనిపించిందట. నాలుగింటికి నర్సు టీకి వచ్చేదాకా అలాగే ఉంది.

"ఒక మాట అడుగుతాను. మీ వార్డులో నెలలు నిండకుండా నొప్పులతో ఎవరైనా వచ్చారా?"

నర్సు కప్పు దించింది. "నీకెలా తెలుసు? ఈ వారంలో ముగ్గురు. ఒకామెకి ఎనిమిదో నెల. ఎందుకో డాక్టర్లకే అంతుపట్టలేదు."

"వాళ్ళు తాగేది ఈ టీయేనేమో అడుగు. వెంటనే ఆపించు. తర్వాత అన్నీ చెప్తాను, ముందు పరిగెత్తు."

నర్సు సగం టీ వదిలేసి రోడ్డుకడ్డంగా పరుగెత్తింది. పూలక్క వదినకు ఫోన్ చేసింది. తిట్టాలని చెయ్యలేదు. పూల సంగతే చెప్పింది.

"వదినా, నా మాట విను. అందులో రెండు రకాలు కలిసిపోయాయి. ఒకటి కడుపుతో ఉన్నవాళ్ళు తాగకూడదు. కంపెనీకి చెప్పి పెట్టెలు వెనక్కి తెప్పించు."

"నువ్విలా ఏదో ఒకటి లేవదీస్తావని తమ్ముడు ముందే అన్నాడు" అంది వదిన. "కుళ్ళుకు కూడా ఒక హద్దుండాలమ్మా." ఫోన్ పెట్టేసింది.

తమ్ముడు ముందే అన్నాడు. ఆ మాటను పూలక్క రాత్రంతా మోసింది. మర్నాడు తెల్లవారగానే పెట్టె మీది కంపెనీ చిరునామా చూసుకుని రైలెక్కింది.

కంపెనీలో ఆమెను పరీక్షల గదికి పంపారు. తెల్లకోటు వేసుకున్న నడివయసు ఆవిడ అక్కడ పెద్ద. మర్యాదగానే కూర్చోమంది, చెప్పిందంతా విన్నది. విన్నాక బీరువాలోంచి ఒక ఫైలు తీసింది.

"ఏమనుకోకండి. మీకు వీటి గురించి ఏమీ తెలియదని మీవారే రాసిచ్చారు."

కాగితం ఆమె ముందు పెట్టింది. టైపు చేసింది కాదు, చేత్తో రాసింది. ఆయన చేతిరాతే. 'మా అమ్మ తన విద్యంతా మా అక్కకు నేర్పింది. నా భార్యకు పూల గురించి ఏమీ తెలియదు. ఆమె కొట్టులో కప్పులు కడుగుతుంది. ఇకముందు ఆమె ఏమైనా అభ్యంతరం చెబితే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.' కింద సంతకం.

పూలక్క రెండుసార్లు చదివింది. కప్పులు కడుగుతుంది అన్నదగ్గర మూడోసారి ఆగింది. అబద్ధం కాదు, కడుగుతుంది. రోజుకు రెండు వందల కప్పులు కడుగుతుంది. ఆయన చెవి ఎందుకు తడుముకోలేదో ఇప్పుడు అర్థమైంది. కొంతకాలంగా ఆ మాట ఆయనకు అబద్ధంలా అనిపించడమే మానేసి ఉంటుంది.

"చదివారా?" అంది తెల్లకోటు ఆవిడ.

"చదివానమ్మా. నా కళ్ళకి గుడ్డ కట్టండి."

"ఏంటి?"

"కట్టండి. మీ పెట్టెలు ఎన్ని ఉంటే అన్ని నా ముందు పొయ్యండి."

పన్నెండు పెట్టెలు తెల్లటి ట్రేలో పోశారు. గుడ్డ కట్టిన కళ్ళతో పూలక్క వేళ్ళు కదిపింది. ఎడమ వైపు ఒక కుప్ప, కుడి వైపు ఒక కుప్ప. నలిగిపోయి వేలికి అందనివాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఒక రెండింటిని మాత్రం మధ్యలో ఉంచి "ఇవి నాకూ తెలియడం లేదు" అంది. తెల్లకోటు ఆవిడ భూతద్దం కింద కుప్పలు చూసింది. కుడి కుప్పలోంచి ఐదు పూలు తీసి, సూదితో గుర్తులు గీసి ఎడమ కుప్పలో కలిపి మళ్ళీ ముందు పెట్టింది. పూలక్క ఆ ఐదూ తీసి ఇచ్చింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ తీసింది. మూడోసారికి ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మాకిచ్చిన కాగితంలో ఒకే పువ్వు పేరుంది" అంది నీరసంగా. వెంటనే ఫోన్ తీసి, బయటికి వెళ్ళే లారీలు ఆపమంది.

రెండు రోజుల తర్వాత మేనేజరు అందర్నీ పిలిపించాడు. పొడవాటి బల్లకు ఒక పక్క వదిన, ఆవిడ పక్కన పూలక్క భర్త. ఇవతల పూలక్క ఒక్కతే. తమ్ముడు అక్క పక్కన కూర్చోవడంలో వింతేమీ లేదు కానీ, కుర్చీ లాక్కునేటప్పుడు ఆయన ఈ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"పెట్టెలన్నీ వెనక్కి తెప్పిస్తున్నాం. అది అయిపోయింది. ఇప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తేలాలి" అన్నాడు మేనేజరు.

వదిన కొంగు కళ్ళకు అద్దుకుంది. "నాకేం తెలుసండీ? మా తమ్ముడి భార్య చెప్పిందే నేను రాసుకున్నాను. అది సరిగ్గా చెప్పలేదు. కావాలనే దాచిపెట్టిందేమో ఎవరు చూడొచ్చారు?"

తెల్లకోటు ఆవిడ తలెత్తింది. "మీ అమ్మగారు నేర్పారని కదా మీరు రాసిచ్చింది?"

"అమ్మే అనుకోండి. కానీ ఈ పువ్వు మాత్రం..."

"బాగుంది వదినా" అంది పూలక్క. "పేరు దగ్గర అత్తయ్య, తప్పు దగ్గర నేను."

మేనేజరు భర్త వైపు తిరిగాడు. "ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారట. మీ భార్య రెండో పువ్వు గురించి చెప్పారా, లేదా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పూలక్క ఆయన్నే చూస్తోంది. ఆ సాయంత్రం ఆయన అరచేతిలో పెట్టిన రెండు తెల్లపూలు, గడ్డం గీసుకుందని ఆయన వేసిన హాస్యం, ఇద్దరూ నవ్విన నవ్వు అన్నీ ఆమెకు కళ్ళకు కట్టినట్టున్నాయి. ఆయన కళ్ళకూ కట్టే ఉంటాయి. కాగితం రాసినందుకు ఒక కారణం ఉండొచ్చు. పెంచిన అక్క, కాదనలేని మొహమాటం. ఇప్పుడు అడుగుతున్నది ఒక్క అవును.

"నాకు గుర్తులేదండీ" అన్నాడు ఆయన. అని, కుడి చెవి తడుముకున్నాడు.

పూలక్క లేచింది. తెల్లకోటు ఆవిడకు మాత్రం నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. స్టేషన్లో బల్ల మీద కూర్చుండిపోయింది. వచ్చిన బండి ఎక్కలేకపోయింది. తర్వాతి బండికి ఎక్కింది.

ఇంటికి వెళ్ళలేదు. కొట్టు వెనక పూలు ఆరబెట్టే గది ఉంది, కొట్టు అద్దెకున్నది ఆమె పేరు మీదే. అక్కడే మడతమంచం వేసుకుంది. నర్సు ఒక దుప్పటీ, అద్దం, నీళ్ళ సీసా తెచ్చిచ్చి, "మా హాస్టల్ గది కంటే నీదే నయం అక్కా, కనీసం వాసన బాగుంది" అంది. పూలక్క నవ్వాలని చూసింది, రాలేదు.

నొప్పులతో వార్డులో చేరిన ముగ్గురిలో ఇద్దరు నాలుగు రోజుల్లో కుదుటపడి ఇళ్ళకు వెళ్ళారు. టీ వల్లే అని డాక్టర్లు తేల్చి చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఎనిమిదో నెల ఆమెకు కాన్పు అయిపోయింది. పాప అద్దాల పెట్టెలో పంతొమ్మిది రోజులు ఉంది, బతికింది. ఒకరోజు ఆ తల్లి మెల్లగా నడుచుకుంటూ కొట్టుకు వచ్చింది.

"నేనెవర్నీ ఏమీ అననమ్మా. ఆ బామ్మ ముఖం చూసి కొనుక్కున్నాను. అలాంటి ముఖం అబద్ధం చెప్తుందని ఎలా అనుకుంటాం?"

"ఆవిడ చెప్పలేదమ్మా" అంది పూలక్క. అత్తగారు పోయిననాడు కూడా అంత ఏడవలేదు, ఆ రోజు ఆ పూల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. తన పేరు పోయినందుకు కాదు. ఊహించి ఎవరికీ పొయ్యని మనిషి ముఖాన్ని పట్టుకెళ్ళి ఊహించి పోసినదానికి అంటించినందుకు.

కంపెనీ తెల్లపూలు లేకుండా కొత్త పెట్టెలు తెచ్చింది. అత్తగారి బొమ్మ ఉంది, వారసురాలి బొమ్మ తీసేశారు. 'సేకరణలో పొరపాటు' అని ఒక ప్రకటన వేశారు. తెల్లకోటు ఆవిడ ఉత్తరం రాసింది, వచ్చి మా దగ్గర పనిచేస్తారా అని. పూలక్క రానని జవాబు రాసి, రెండు పూల తేడాను వివరంగా మూడు పేజీలు రాసి జత చేసింది. కొట్టు గోడకు ఒక పెద్ద అట్ట తగిలించి రెండు పూలనూ తిరగేసి అంటించింది. వచ్చినవాళ్ళందరూ తడిమి చూస్తారు. ఆదివారాలు నర్సు, కాన్పులు చేసే మరో ఇద్దరు ఆడవాళ్ళు ఆమెతో కొండకు వెళ్ళడం మొదలుపెట్టారు. అడిగినవాళ్ళకు అడిగినంతా చెబుతుంది. ఎవరో ఒక్కరి దగ్గరే ఉంటే ఏమవుతుందో చూసింది కదా.

రెండు నెలల తర్వాత భర్త కొట్టుకు వచ్చాడు. జనం పల్చబడేదాకా బయటే నిలబడి, లోపలికి వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"కంపెనీకి ఇది ఇచ్చి వచ్చాను. నీకొక ప్రతి."

పూలక్క చేతులు తుడుచుకుని చదివింది. 'మా అమ్మ తన విద్యంతా నా భార్యకు నేర్పింది. పద్నాలుగేళ్ళు నేర్పింది. నా ముందే నేర్పింది. రెండో పువ్వు గురించి నా భార్య ఆ రోజు స్పష్టంగా చెప్పింది. నాకు గుర్తుంది. నేను ముందు రాసిచ్చిన కాగితం అబద్ధం.'

"అక్క మాట్లాడటం మానేసింది" అన్నాడు.

"బాగా రాశారు" అంది పూలక్క. "ఒక్క తప్పు లేదు. కానీ మొదటిది రాసేటప్పుడు కూడా మీకు ఇదంతా తెలుసు కదండీ."

ఇంటికి వస్తావా అని అడగడానికి ఆయన నోరు తెరిచాడు, అడగలేదు. ఆమె అందరికీ ఇచ్చినట్టే ఒక కప్పు టీ ఇచ్చింది. తాగి, కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. అది చూసి ఆమెకు కోపం రాలేదు. జాలి కూడా వేయలేదు. పక్కింటి మనిషి కడిగినట్టు అనిపించింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన కొండ మొదట్లో ఎదురుచూస్తూ కనిపించేవాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. నిండిన సంచులు మోసుకుంటూ నలుగురు ఆడవాళ్ళ వెనక పది అడుగుల దూరంలో నడిచేవాడు. ఇంట్లో ఫొటో గోడ మీంచి తీసి తెచ్చివ్వనా అని ఒకసారి అడిగితే, "మీ అమ్మ ఫొటో, మీరే ఉంచుకోండి" అంది.

వర్షాలు వెలిసిన మొదటి ఆదివారం వాలు మీద కొత్తగా ఊదారంగు పూలు విచ్చుకున్నాయి. పూలక్క నర్సును పిలిచి, ఒక పువ్వు తుంపి, చెవిలో చెప్పినంత దగ్గరగా వంగి దాని పేరూ ఎప్పుడు కోయాలో ఎవరికి ఇవ్వాలో చెప్పింది. ఆడవాళ్ళు ముందుకు సాగిపోయారు. భర్త ఆ పొద దగ్గర ఆగి, సంచి దించి, ఒక పువ్వు కోసి రేకులు తిరగేసి చూశాడు.

"దీన్నేమంటారు?" అని వెనక నుంచి అడిగాడు.

ఆమెకు వినిపించింది. ఆయనకూ తెలుసు, వినిపించిందని. ఆమె సంచి మూతి ముడివేసి భుజానికెత్తుకుని, ముందున్నవాళ్ళను కలుసుకోవడానికి పైకి నడిచింది.